అలను వెనక్కి నడిపించండి

ఆరణిలో, పెరియపాళెంలో, ఊత్తుకోటలో, తిరువళ్ళూరులో, తిరుత్తణిలో తెలుగు మాట్లాడే ఇళ్ళనుంచి బడికీ కాలేజీకీ వెళ్తున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలో లెక్కలంటే ప్రాణం పెట్టేవాళ్ళ కోసం ఈ మాటలు రాస్తున్నాను. లెక్కలంటే భయపడేవాళ్ళు కూడా చదవండి. ఆ భయాన్ని వదిలించుకోవడానికి ఒక గట్టి కారణం దొరకవచ్చు.

మన ఆరణి ఏరు పిచ్చాటూరు వైపునుంచి వచ్చి, ఊత్తుకోట దాటి, పెరియపాళెం భవానమ్మ గుడి పక్కగా పారి, ఆరణినీ పొన్నేరినీ పలకరించి పులికాట్ సరస్సులో కలుస్తుంది. ఆ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్నది సన్నటి ఇసుక నేల. అందుకే ‘మాది లోపలి ఊరు, సముద్రంతో మాకేం పని’ అంటే నేను ఒప్పుకోను. 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా దగ్గర సముద్రం అడుగున నేల విరిగింది. తొమ్మిది దాటిన కాసేపటికి అల చెన్నై రేవును తాకింది. మధ్యలో రెండున్నర గంటలున్నాయి. ఆ రెండున్నర గంటల్లో ఈ తీరంలో ఏ జాలరి కుప్పానికీ ‘పారిపోండి’ అన్న అధికారిక కబురు అందలేదు. ఒక్క తమిళనాడులోనే సుమారు 8,000 మంది పోయారు. పులికాట్ కుప్పాల్లో పడవలూ వలలూ ఇళ్ళూ కొట్టుకుపోయాయి.

కబురు ఎందుకు అందలేదు? పసిఫిక్ మహాసముద్రానికి 1949 నుంచీ హెచ్చరిక కేంద్రం ఉంది. మన సముద్రానికి లేదు. హవాయిలోని ఆ పసిఫిక్ కేంద్రం పావుగంటలోనే భూకంపాన్ని పసిగట్టింది కానీ తీవ్రత 8.0 అని లెక్క కట్టింది. గంట గడిచాక 8.5 అంది. అసలు తీవ్రత 9.1 అని తర్వాత తేలింది, 9.3 అన్నవాళ్ళూ ఉన్నారు. 8.0కీ 9.1కీ తేడా చూడటానికి చిన్నదే. విడుదలైన శక్తిలో మాత్రం అది దాదాపు 45 రెట్ల తేడా. అంత పెద్ద భూకంపం నిమిషాల తరబడి విరుగుతూనే ఉంటుంది. దాన్ని మొదటి కొన్ని క్షణాల కంపనాలతో తూచబోతే తూకం తప్పుతుంది.

అయితే ఆ నేల విరుపును పూర్తిగా మోసుకొచ్చే సాక్షి ఇంకొకటి ఉంది. అది అలే. ఎక్కడ నేల లేచిందో, ఎంత మేర లేచిందో, ఎంత ఎత్తు లేచిందో ఆ వివరమంతా అల ఆకారంలో ఉంటుంది. దాన్ని చదివే విద్య ఒకటుంది. ఆ విద్యను మీరు నేర్చుకోవాలని అడగడానికే ఈ వ్యాసం.

ఈ విద్యకు మన తీరంలోనే, మన మద్రాసు రేవులోనే గొప్ప ఉదాహరణ ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో దానికి చోటు లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. 1881 డిసెంబరు 31 ఉదయం కార్ నికోబార్ ద్వీపం కింద నేల విరిగింది. అప్పటికి లోకంలో ఎక్కడా దూరదేశపు భూకంపాన్ని పట్టి గీసిన యంత్రం లేదు. అలాంటి మొదటి గీత 1889లో జర్మనీలోని పాట్స్‌డామ్‌లో పడింది, జపాన్‌లో వచ్చిన భూకంపానిది. కాబట్టి 1881 భూకంపానికి యంత్రసాక్ష్యం దొరకడం అసాధ్యం అనిపిస్తుంది. కానీ దొరికింది. ఆ రోజుల్లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు ఓడల రాకపోకల కోసం రేవుల్లో పోటుపాట్లు కొలిచే పరికరాలు పెట్టారు. తీరంలో ఒక బావి, అందులో నీటితోపాటు లేచి దిగే తేలుడు డబ్బా, దాని కదలికను గడియారంతో తిరిగే కాగితం మీద గీసే మొన. అంతే సరంజామా. ఆ రోజు మద్రాసు, నాగపట్నం, విశాఖపట్నం, పోర్ట్ బ్లెయర్ సహా బంగాళాఖాతం చుట్టూ ఎనిమిది చోట్ల ఆ గీతలు వణికాయి. మామూలు పోటు నున్నటి వంపు మీద చిన్న చిన్న పళ్ళు పడ్డాయి. అన్నిటికంటే పెద్ద అల ఎత్తు 0.8 మీటరు. తీరంలో నిలబడిన మనిషి దాన్ని పెద్దగా పట్టించుకుని ఉండడు. కాగితం పట్టించుకుంది.

ఆ గీతలను మన పూర్వపు ఉద్యోగులు దాచారు. నూట ఇరవై ఏళ్ళు దాటాక మెక్సికోకు చెందిన మోడెస్టో ఓర్టిజ్, అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ బిల్హమ్ వాటిని బయటికి తీసి, కంప్యూటర్‌లో అలలను పుట్టించి, ఏ విరుపు అయితే సరిగ్గా ఈ గీతలే వస్తాయో వెతికారు. 2003లో వాళ్ళు ప్రకటించిన జవాబు ఇది: సుమారు 150 కి.మీ. పొడవు, 60 కి.మీ. వెడల్పు ఉన్న పలక దాదాపు 2.7 మీటర్లు జారింది. తీవ్రత 7.9, అటూ ఇటూ 0.1. మరుసటి సంవత్సరమే, అదే కార్ నికోబార్ మీదుగా, 1881 విరుపును తనలో కలుపుకుంటూ 1,200 కి.మీ.కి పైగా నేల చీలింది.

ఈ జవాబును మీరే సరిచూడవచ్చు. ఇప్పుడే కాగితం తీయండి. పొడవును వెడల్పుతో, దాన్ని జారినంత దూరంతో, దాన్ని రాతి బిగువుతో గుణించండి. అన్నీ మీటర్లలోకి మార్చండి. రాతి బిగువును 30 బిలియన్ పాస్కళ్ళు అనుకోండి. సుమారు 73 పక్కన 19 సున్నాలున్న సంఖ్య వస్తుంది. దాని లాగరిథమ్ తీసి, అందులోంచి 9.1 తీసివేసి, 1.5తో భాగించండి. 7.84 వస్తుంది. రాతి బిగువును 50 బిలియన్లు అనుకుని మళ్ళీ చేయండి. 7.99 వస్తుంది. చూశారా? 140 ఏళ్ళకు పైబడిన ఒక భూకంపాన్ని మీ నోటుపుస్తకంలో తూచారు. దానికి మించి ఇంకొకటి చూశారు: రాయి ఎంత బిగువైందో మనకు కచ్చితంగా తెలియకపోతే జవాబు ఎంత కదులుతుందో చూశారు. ఆ 0.1 ఊరికే పెట్టిన అలంకారం కాదు. 7.8కీ 8.0కీ మధ్య శక్తి రెండింతలవుతుంది.

ఇప్పుడు అలను వెనక్కి నడిపించడం ఎలాగో చెబుతాను. తిరుత్తణి కొండ కింద శరవణ పొయిగై కోనేరును తలచుకోండి. ఆడి కృత్తికనాడు మూడు వైపుల మెట్ల మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. నడుమ ఎక్కడో రాయి పడింది, ఎవరూ చూడలేదు. అల తన మెట్టును ఎప్పుడు తాకిందో ముగ్గురూ చెప్పగలిగితే, రాయి ఎక్కడ పడిందో లెక్కగట్టవచ్చు. సముద్రంలోనూ ఇదే పని, ఒక చిక్కుతో. సునామీ అల వేగం నీటి లోతును బట్టి మారుతుంది. లోతును 9.8తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు ఇన్ని మీటర్లని వేగం వస్తుంది. 4,000 మీటర్ల లోతులో అది గంటకు 700 కి.మీ. పైచిలుకు, 10 మీటర్ల లోతుకొచ్చేసరికి గంటకు 36 కి.మీ. కాబట్టి సముద్రగర్భపు పటం చేతిలో పెట్టుకుని, ప్రతి రేవునుంచీ అలను వచ్చిన దారినే వెనక్కి పంపాలి. అల ప్రయాణించినంత సేపూ వెనక్కి నడిపిస్తే ఒక్కో రేవునుంచి ఒక్కో వంపు గీత గీయబడుతుంది. ఆ గీతలు ముట్టడించిన జాగాయే అల పుట్టిల్లు.

2004 అల విషయంలో సరిగ్గా ఈ లెక్కే మన దేశపు శాస్త్రవేత్తలు చేశారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళు మన తూర్పు తీరపు రేవుల కొలతలు తీసుకుని అలను వెనక్కి నడిపించారు. అల పుట్టిన ప్రాంతం విదేశీ నిపుణులు మొదట అనుకున్నదానికంటే ఇంకా ఉత్తరానికి, అండమాన్ వైపు సాగిందని 2005లోనే ‘సైన్స్’ పత్రికలో రాశారు. విరుపులో ఉత్తర భాగం మెల్లగా జారింది. భూకంప యంత్రాలకు ఆ మెల్లని జారుడు సరిగా అందలేదు. నీటికి అందింది. ఒడ్డున పెట్టిన సాదా పరికరం లోకంలోని మేటి యంత్రాల అంచనాను సరిదిద్దింది. ఇది మన తీరం సాధించిన ఘనత, మీరు గర్వంగా చెప్పుకోవలసినది.

వచ్చిన సమయం ఒక్కటే కాకుండా అల ఆకారం మొత్తాన్నీ వాడుకునే పద్ధతి ఇంకా శక్తివంతమైనది. విరిగిన పలకను చిన్న చిన్న ముక్కలుగా విడగొడతారు. ఒక్కో ముక్క ఒక్క మీటరు జారితే మద్రాసులో ఎలాంటి అల వస్తుంది, విశాఖలో ఎలాంటి అల వస్తుంది అని ముందే లెక్కకట్టి పెట్టుకుంటారు. తర్వాత ఏ ముక్క ఎన్ని మీటర్లు జారిందనుకుంటే అవన్నీ కలిసి అసలు కొలతకు సరిపోతాయో చూస్తారు. మీరు పన్నెండో తరగతిలో ‘ఇది దేనికి పనికొస్తుంది’ అని విసుక్కునే మాత్రికలున్నాయే, అవే ఇక్కడ పని చేస్తాయి. జపాన్‌లో కెంజి సతాకే 1980లనుంచి ఈ పద్ధతికి పదును పెట్టారు. 1700 జనవరి 26 రాత్రి ఉత్తర అమెరికా పడమటి తీరంలో వచ్చిన మహా భూకంపం తేదీని కూడా ఆయన బృందం అలను వెనక్కి నడిపించే పట్టుకుంది. అమెరికాలో దాన్ని రాసిపెట్టినవాళ్ళు లేరు. జపాన్ తీరపు ఊళ్ళలో అప్పటివాళ్ళు ‘భూకంపం లేకుండానే అల వచ్చింది’ అని రాసిన రికార్డులే ఆధారం. తర్వాత అమెరికా తీరంలో ఉప్పునీట మునిగి చచ్చిన దేవదారు చెట్ల వలయాలు చూస్తే చివరి వలయం 1699ది.

ఇంతవరకూ చదివి, ఇదేదో గారడీలా ఉందే అనుకునేవాళ్ళు ఉంటారు. గారడీ కాదు. ఎందుకు కాదో చెప్పేదే ఈ విద్యలో అసలు గొప్ప భాగం. నా అభిప్రాయంలో అంచనా వేయడంకంటే, ఆ అంచనాలో అనిశ్చితి ఎంతో నిజాయితీగా చెప్పడం పెద్ద పని.

అనిశ్చితి ఎక్కడెక్కడ దూరుతుందో చూడండి. రేవు గడియారం ఒక్క నిమిషం తప్పితే 4,000 మీటర్ల నీటిలో అల పుట్టిల్లు దాదాపు 12 కి.మీ. జరిగిపోతుంది. పరికరం ఐదు నిమిషాలకోసారి మాత్రమే కొలిస్తే 60 కి.మీ. సముద్రగర్భపు పటంలో తప్పులుంటాయి. రేవు గోడల మధ్య నీరు తనకు తానే ఊగుతూ భూకంపం చెప్పని మాటలు కలుపుతుంది. వీటన్నిటికీ మించిన చిక్కు ఒకటుంది: చిన్న జాగా ఎక్కువ జారినా, పెద్ద జాగా తక్కువ జారినా ఒకే రేవులో ఇంచుమించు ఒకే అల కనిపించవచ్చు. కొలత ఒకటే, దానికి సరిపోయే జవాబులు వందలు. కొలతలు తక్కువైనప్పుడు లెక్కను మొండిగా సాధించబోతే కంప్యూటర్ ఎంతో అందమైన పటం గీసి చూపిస్తుంది. అందులో సగం అబద్ధం. మంచి శాస్త్రవేత్త ఆ ఒక్క పటం చూపించి ఊరుకోడు. సరిపోయే జవాబులన్నిటినీ పక్కపక్కన పెట్టి, వేటిలోనైనా మారనిది ఏది, ప్రతిదానిలో మారిపోతున్నది ఏది అని విడమరుస్తాడు. ముందు తెలిసినదాన్ని సంభావ్యతగా రాసుకుని, కొత్త కొలత వచ్చినప్పుడల్లా దాన్ని సవరించుకుంటాడు. బేయెస్ సూత్రం చేసేది ఇదే.

ఈ చోట మన తెలుగువాడి పేరు తలచుకోకపోతే తప్పు. కల్యంపూడి రాధాకృష్ణారావు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తా వెళ్ళి, 1945లో ఒక వ్యాసం ప్రచురించారు. అప్పుడాయనకు సుమారు పాతికేళ్ళు. చేతిలో ఉన్న కొలతల్లో ఎంత సమాచారం ఉందో దాన్నిబట్టి, అంచనాలో పొరపాటు ఇంతకంటే తగ్గించడం ఎవరి తరమూ కాదని చెప్పే హద్దును ఆ వ్యాసం గీసింది. లోకమంతా దాన్ని క్రామెర్–రావు హద్దు అంటుంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక పురస్కారం వచ్చింది. సముద్రం అడుగున కొత్త పరికరం ఎక్కడ పెడితే భూకంపం గురించి ఎక్కువ తెలుస్తుందని లెక్క వేసేవాళ్ళకు ఈనాటికీ ఆ ఆలోచనే వెన్నెముక. మీ వయసుకు కాస్త పైబడిన వయసులో ఒక తెలుగు కుర్రవాడు చేసిన పని అది. ఆయన చేసినది మన ఇంటి ఆస్తి అని చెప్పుకోవడంతో సరిపెట్టుకోకండి. దాన్ని వాడండి.

ఈ అనిశ్చితి కాగితం మీది మాట కాదని చెప్పే సంఘటనలు మూడున్నాయి. 2011 మార్చి 11న జపాన్ వాతావరణ సంస్థ మూడు నిమిషాల్లో భూకంప తీవ్రత 7.9 అని లెక్కకట్టి, ఇవాతే తీరానికి 3 మీటర్ల అల వస్తుందని హెచ్చరించింది. అసలు తీవ్రత 9.0. అల అంతకు ఎన్నో రెట్లు వచ్చింది. 3 మీటర్లంటే గోడ ఆపుతుందిలే అనుకుని ఆగిపోయినవాళ్ళున్నారు. 18 వేల మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. జపాన్ వాళ్ళు ఆ తర్వాత ఏం చేశారో జాగ్రత్తగా వినండి. 2013 నుంచి, అతి పెద్ద భూకంపానికి తీవ్రత వెంటనే తేలకపోతే, మొదటి హెచ్చరికలో మీటర్లలో అంకె చెప్పడం మానేశారు. ‘భారీ అల’ అంటారు, అంతే. సరిగా తెలియని అంకెను తెలిసినట్టు చెప్పడంకంటే అది మనుషులను కాపాడుతుందని వాళ్ళు ఎంతో పెద్ద ధర చెల్లించి నేర్చుకున్నారు.

2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. చెన్నైలో భవనాలు ఊగాయి, జనం రోడ్ల మీదికొచ్చారు, తీరమంతా అప్రమత్తమైంది. కానీ మన తీరానికి పెద్ద అల రాలేదు. అక్కడ పలకలు పక్కకు జారాయి. నీటిని పెద్దగా పైకి ఎత్తలేదు. దానికి ఏడాదిన్నర ముందు, 2010 అక్టోబరు 25న సుమత్రా పక్కనున్న మెంటవాయి దీవుల్లో వచ్చిన భూకంపం తీవ్రత 7.8 మాత్రమే. మెల్లగా జారింది కాబట్టి కుదుపు కూడా అంత భయపెట్టలేదు. ఆ అల 400 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఒక్క తీవ్రత అంకెను నమ్ముకుంటే రెండు వైపులా మోసపోతామని ఈ రెండూ చెబుతున్నాయి. నీరు ఏమంటుందో వినాలి.

వినే ఏర్పాట్లు ఇప్పుడు మనకున్నాయి. హైదరాబాద్‌లో భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) ఆవరణలో 2007 అక్టోబరు నుంచి మన సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. మన చెన్నైలోనే ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ సముద్రం అడుగున నీటి ఒత్తిడి కొలిచే పరికరాలను తయారుచేసి నిలిపింది. కిలోమీటర్ల లోతున కూర్చుని, పైన నీరు ఒక్క సెంటీమీటరు లేచినా చెప్పగలిగే పరికరాలవి. ముందే లెక్కకట్టిన వేలాది ఊహా భూకంపాల్లోంచి దగ్గరిది ఎంచుకుని, అలల కొలతలు వచ్చేకొద్దీ దాన్ని సవరించడం అక్కడి పని. కానీ అది కూర్చుని మీట నొక్కే పని కాదు. ఎక్కడ పరికరం చాలదో, ఏ అంచనాను ఎంతవరకు నమ్మాలో, ఎప్పుడు ‘పారిపోండి’ అనాలో, ఎప్పుడు ‘ఇక ఇళ్ళకు వెళ్ళండి’ అనాలో తేల్చే మెదళ్ళు కావాలి. ఆ కుర్చీల్లో మీరు కూర్చోవాలి.

మీ మీద నాకు ప్రత్యేకంగా ఆశ ఎందుకంటే, మీరు రెండు భాషల మధ్య పెరిగారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పులికాట్ సరస్సుకు ఆంధ్ర వైపున సూళ్ళూరుపేట, తడ. తమిళనాడు వైపున పొన్నేరి. హెచ్చరిక ఏ కుప్పానికి పోయినా, దాన్ని అక్కడి పెద్దాయనకు ‘అన్నా’ అని పిలిచి అర్థమయ్యేలా చెప్పగలిగేది మీరే. ‘ఎంత ఖాయం?’ అని ఆయన అడుగుతాడు. ఆ ప్రశ్నకు డబాయించకుండా, నీళ్ళు నమలకుండా జవాబు చెప్పాలంటే లెక్క మీకు వచ్చి ఉండాలి.

మంచి జీతమిచ్చే ఉద్యోగం వద్దని నేను అనను. అప్పులున్న ఇళ్ళు నాకు తెలుసు. కానీ కంప్యూటర్ నేర్చుకున్న ప్రతివాడూ ఎవరో దూరదేశపు దుకాణం లెక్కలే చూడాలన్న నియమం ఎక్కడుంది? అదే నేర్పు ఇక్కడ వెయ్యిమందిని కాపాడుతుంది.

ఇక పనిలోకి దిగండి. డబ్బు అక్కరలేదు. యునెస్కోకు చెందిన అంతర్ ప్రభుత్వ సముద్ర విజ్ఞాన సంఘం లోకంలోని రేవుల నీటిమట్టాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా చూపిస్తుంది. అందులో చెన్నై కూడా ఉంది. గెబ్కో అనే సముద్రగర్భపు పటం ఉచితం. జియోక్లా అనే సునామీ ప్రోగ్రాం ఉచితం. ముగ్గురు నలుగురు కలిసి జట్టు కట్టండి. ఒకరు మాత్రికలు, ఒకరు ప్రోగ్రామింగు, ఒకరు సంభావ్యత పట్టుకోండి. ముందు ఒక మామూలు రోజు చెన్నై కొలత తీసుకుని అందులోంచి పోటుపాట్లను తీసేయడం నేర్చుకోండి. మిగిలిన చిన్న వణుకే మీ ముడిసరుకు. తర్వాత కార్ నికోబార్ దగ్గర 150 కి.మీ. పలకను కంప్యూటర్‌లో జార్చి, మద్రాసుకు అల ఎంతసేపటికి చేరుతుందో చూడండి. పలక పొడవు 120 చేసి చూడండి, 180 చేసి చూడండి. జవాబు పక్కన అటూ ఇటూ ఎంతో రాయండి. ఆ ఒక్క అంకె రాయని జట్టు లెక్కను నేనైతే మళ్ళీ చేయమంటాను. మీ లెక్కల మాస్టారికీ టీచరమ్మకూ చూపించండి. వాళ్ళకు తెలియకపోతే వాళ్ళతో కలిసే నేర్చుకోండి.

ఒడిశాలో గంజాం జిల్లా వెంకట్రాయిపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి గ్రామాలు 2020లో ‘సునామీకి సిద్ధం’ అని యునెస్కో గుర్తింపు తెచ్చుకున్నాయి. ఎటు పరుగెత్తాలో తెలిపే పటం, గుర్తుల బోర్డులు, ఊరంతా చేసే కసరత్తు, కబురు అందే ఏర్పాటు: ఇవన్నీ పెట్టుకుంటే ఆ గుర్తింపు వస్తుంది. పులికాట్ కుప్పాలకూ అది కావాలి. నవంబరు 5 ప్రపంచ సునామీ అవగాహన దినం. ఈసారి ఆ రోజుకల్లా మీ జట్టు గీసిన పటాన్ని, అల ఎన్ని నిమిషాలకు రావచ్చో, ఎంత తేడాతో రావచ్చో తెలుగులోనూ తమిళంలోనూ రాసి, పొన్నేరిలో బస్సెక్కి పులికాట్ పంచాయతీ కార్యాలయానికి తీసుకెళ్ళండి. కుప్పం పెద్దలను కూర్చోబెట్టి, వాళ్ళ ప్రశ్నలన్నీ రాసుకుని, జవాబు తెలియని ప్రశ్నలతో తిరిగి లెక్కలో కూర్చోండి.